రేపల్లె స్టూడియోలో ఎదుర్కోలు ఫొటో

మీరిప్పుడు పెన్ డ్రైవ్ గుచ్చితే కంప్యూటరు మారు మాట్లాడకుండా తీసుకుంటుంది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అలా ఉండేది కాదు. ఏ వస్తువు తగిలించినా "నువ్వెవరివి? నిన్ను నేనెరగనే!" అనేది. ఆ వస్తువును దానికి పరిచయం చేసే చిన్న ప్రోగ్రామును డ్రైవరు అనేవాళ్లం. అది సీడీలో వచ్చేది. సీడీ పోతే వస్తువు ఉన్నా లేనట్టే. నా ఉద్యోగంలో సగం కాలం ఆ సీడీలు వెతకడంలోనే పోయింది. మిగతా సగం రైళ్లలో.

తెనాలిలో కంప్యూటర్లు అమ్మి, బాగుచేసే ఒక షాపులో నేను సర్వీసు ఇంజనీరుని. మా నాన్న బజారులో వాచీలు బాగుచేసేవారు. కాబట్టి చిన్న స్క్రూడ్రైవరు పట్టుకోవడం నాకు బలపం పట్టుకోవడం కంటే ముందే వచ్చింది. అటు బాపట్ల, ఇటు రేపల్లె, ఈ మధ్యలో ఎక్కడ ఏ కంప్యూటరు మొరాయించినా మేమే వెళ్లాలి. నేను గుమ్మంలోకి వెళ్లగానే చాలామంది నా భుజం మీదుగా వీధిలోకి చూసేవారు.

"ఇంజనీరుగారు రాలేదా అమ్మా?"

"నేనేనండి."

"అలాగా! ఆయన వెనకాల వస్తున్నారా?"

కొన్నాళ్లకి ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం మానేసి, నేరుగా వెళ్లి క్యాబినెట్ మూత విప్పడం మొదలుపెట్టాను. మూత విప్పిన మనిషిని మాత్రం ఎవరైనా ఇంజనీరనే ఒప్పుకుంటారు.

మా షాపులో నాకంటే సీనియరు ఒకాయన ఉండేవారు. పని నేర్పడంలో దాపరికం లేని మనిషి. తెచ్చుకున్న పెసరట్టులో సగం విరిచి ఇచ్చేవారు. అయితే ఏ జబ్బుకైనా ఆయన దగ్గర ఉన్న మందు ఒక్కటే. ఫార్మాట్. అంటే ఉన్నదంతా తుడిచేసి మళ్లీ మొదటి నుంచీ ఎక్కించడం. ప్రింటరు కదలకపోతే ఫార్మాట్. మౌసు అడుగున బంతికి మట్టి పడితే ఫార్మాట్. ఒకసారి బాపట్లలో ఒక ప్లీడరుగారు మానిటరు స్విచ్ వేయడం మర్చిపోయి కబురు పెడితే, ఈయన వెళ్లి స్విచ్ వేసి, ఎలాగూ వచ్చాను కదా అని ఫార్మాట్ కూడా చేసి వచ్చారు.

దసరా వెళ్లి పెళ్లిళ్లు మొదలైన రోజులు. ఒక ఉదయం షాపు తెరుస్తూండగానే రేపల్లె నుంచి ఫోను. అక్కడ ఒక ఫొటో స్టూడియో యజమాని రీళ్ల కెమెరా పక్కన పెట్టి అప్పుడే డిజిటల్ కెమెరా కొన్నాడు. కంప్యూటరు మా షాపుదే.

"మేడం, కొంప మునిగింది. పెళ్లి ఫొటోలు కార్డులో ఉన్నాయి. కంప్యూటర్లోకి రావట్లేదు. 'ఫార్మాట్ చేయమంటారా' అని అడుగుతోంది. చెయ్యమంటారా?"

ఆ ప్రశ్నకి 'ఎస్' అని నొక్కితే పెళ్లంతా తుడిచిపెట్టుకుపోతుంది.

"నేను వచ్చేదాకా దేని మీదా చెయ్యి వేయకండి. కంప్యూటరు ముందు నుంచి లేచిపోండి," అన్నాను.

"లేవలేనండి. ఇక్కడ ఇద్దరున్నారు. లేస్తే పారిపోతున్నానంటారు."

ఆ మాట నాకప్పుడు అర్థం కాలేదు. సీనియరు ఆ రోజు బాపట్లలో ఒక కాలేజీ ల్యాబు పని మీద ఉన్నారు. నేను సంచి భుజాన వేసుకుని రేపల్లె ప్యాసింజరు ఎక్కాను.

స్టూడియోలో అడుగు పెట్టేసరికి సంగతి తెలిసింది. ఒక బెంచీ మీద అడవులదీవి అనే ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. పెళ్లికూతురికి పెద్దమ్మ. ఎదురు బెంచీ మీద, గోడవైపు ముఖం తిప్పుకుని, బాపట్ల నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి. పెళ్లికొడుక్కి మేనమామ. తండ్రి లేని ఆ పిల్లాణ్ణి పెంచి పెద్ద చేసింది ఆయనే. ఇద్దరి మధ్య స్టూడియో యజమాని, పిండిన నిమ్మకాయలాంటి ముఖంతో.

గొడవ ఎదుర్కోలు దగ్గర మొదలైందట. మగపెళ్లివారి బస్సు అడవులదీవి చేరినప్పుడు ఆడపెళ్లివారు ఎదురెళ్లి గంధం రాసి, దండలు వేసి తీసుకెళ్లాలి కదా. అందరికీ దండలు పడ్డాయి, మేనమామ మెడలో తప్ప. కావాలని అవమానించారని ఆయన పెళ్లి భోజనం ముట్టకుండా బాపట్ల వెళ్లిపోయాడు. "ఈ సంగతి తేలేదాకా మా వాళ్లెవరూ ఆ ఊరి గడప తొక్కరు" అన్నాడు. మేనమామ మాట కాదనలేక పెళ్లికొడుకు బాపట్లలో, మొగుడు ఎప్పుడొస్తాడో తెలియక పెళ్లికూతురు అడవులదీవిలో ఉండిపోయారు. పెద్దమ్మేమో దండ తన చేత్తోనే వేశానని, అప్పుడు ఫొటో కూడా తీశారని ఘంటాపథంగా చెబుతోంది. అందుకే ఫొటో చూసి తేల్చుకుందామని ఇద్దరూ వచ్చి కూర్చున్నారు.

"అమ్మాయ్," అంది పెద్దమ్మ నాతో, "బంతిపూల దండ. నేనే దగ్గరుండి కట్టించాను. నా ఈ చేతులతోనే వేశాను. లేదనడానికి నోరెలా వచ్చిందో ఆ పెద్దమనిషిని అడుగు."

ఆ పెద్దమనిషి మూరెడు దూరంలోనే ఉన్నాడు. అయినా గోడకే చెప్పాడు. "అమ్మాయ్, నా మెడ నాకు తెలియదా అని ఆవిణ్ణి అడుగు."

అడిగే పని నాకు పెట్టకుండానే ఇద్దరికీ వినబడింది. నేను కంప్యూటరు వైపు తిరిగాను.

అప్పట్లో కెమెరా కార్డును ఒక చిన్న రీడరులో పెట్టి, దాని తీగను యూఎస్‌బీ పోర్టులో గుచ్చేవాళ్లం. రీడరు క్యాబినెట్ ముందున్న పోర్టులో ఉంది. తీసి లోపలికి టార్చి వేశాను. ఎర్రగా ఉంది. తుప్పేమో అనుకున్నాను. వాసన చూస్తే గంధం, దాని మీద కుంకుమ.

"ఇదేంటండీ?"

"దసరాకి ఆయుధపూజ చేశాం కదండీ," అన్నాడు యజమాని భక్తిగా. "అన్నింటికీ బొట్లు పెట్టాం. ముందు వైపు రెండు బెజ్జాలు ముచ్చటగా కళ్లలా కనబడితే, వాటికి కాస్త నిండుగా పెట్టాను."

"తుడవాలండి."

"శుక్రవారం పూట కుంకుమ తుడుస్తారా మేడం?"

నేను సందేహంలో పడ్డాను. మాది ముస్లిం కుటుంబం. నేను తుడిస్తే ఒక మాట వస్తుంది, తుడవకపోతే పెళ్లి ఫొటోలు పోతాయి. ఏం చేయాలో తోచక పెద్దమ్మ వైపు చూశాను. ఆవిడ ఒక్క క్షణంలో తీర్పు చెప్పింది.

"దేవుడికి నుదుటున పెడతారుగానీ, ముక్కులో కూరతారా అబ్బాయ్? తుడువు!"

యజమాని కళ్లకద్దుకుని తనే తుడిచాడు. పుల్లకి దూది చుట్టి, స్పిరిట్‌తో నేను రెండోసారి తుడిచాను. మళ్లీ రీడరు గుచ్చాం. కార్డు బొమ్మ తెర మీదకి వచ్చింది, పోయింది, వచ్చింది. ఆ వెంటనే మళ్లీ అదే ప్రశ్న. 'ఈ డిస్కు ఫార్మాట్ కాలేదు. ఇప్పుడు చేయమంటారా?' తడి గంధం లోపలి రేకుల్ని అప్పటికే తినేసింది. కార్డులో ఉన్నదంతా ఉంది. మధ్యలో ఉన్న పోర్టే తడబడి, కంప్యూటరుకి అబద్ధం చెబుతోంది.

సరిగ్గా అప్పుడే, నేనక్కడున్నానని షాపులో విని, బాపట్ల నుంచి మా సీనియరు ఫోను చేశారు. యజమాని తీసి, ప్రశ్న చదివి వినిపించాడు. ఆయనకి చెవిలో పడింది ఒక్క మాటే.

"ఫార్మాటా? కొట్టేసెయ్యండి. ఎస్ కొట్టండి. అన్నీ సర్దుకుంటాయి!"

సీనియరు చెప్పారన్న ధైర్యంతో యజమాని చెయ్యి మౌసు మీదకి వెళ్లింది. "వద్దు, అది నొక్కితే ఫొటోలు పోతాయి!" అని నేను అరిచేలోపే పెద్దమ్మ లేచింది. అరవై దాటిన మనిషి అంత వేగంగా కదలడం నేనెప్పుడూ చూడలేదు. ఎలుకను పట్టినట్టు మౌసును ఒడిసి పట్టి, తీగతో సహా లాగి ఒళ్లో పెట్టుకుని, పైన కొంగు కప్పింది.

"ఇది నొక్కితేనే కదా పోయేది? ఇక ఎవరు నొక్కుతారో చూస్తాను."

గోడవైపు తిరిగి ఉన్న పెద్దమనిషి మొట్టమొదటిసారి ఇటు తిరిగాడు. "మంచి పని చేసింది ఆవిడ. ఆ సంగతి ఆవిడకి చెప్పు," అన్నాడు నాతో. వెంటనే నాలుక కరుచుకుని మళ్లీ గోడకి తిరిగిపోయాడు.

కార్డును మా తెనాలి షాపుకి తీసుకెళ్లి చూస్తానన్నాను. ఇద్దరూ ఒప్పుకోలేదు. "గడప దాటిందంటే దారిలో నా మెడకో దండ అతికిస్తారు. ఈ రోజుల్లో కంప్యూటర్లో ఏదైనా అతికిస్తారట," అన్నాడు మేనమామ. "దారిలో ఉన్న దండ పీకేయిస్తాడు," అంది పెద్దమ్మ. జీవితంలో వాళ్లిద్దరూ ఏకీభవించిన మొదటి విషయం, కార్డు ఆ గది దాటకూడదన్నది.

ఇక మిగిలింది వెనక పోర్టులు. రేపల్లె దాటితే సముద్రమే. ఆ ఉప్పుగాలికి బోర్డు తాలూకు వెనక పోర్టులు ఎప్పుడో పచ్చగా తుప్పు పట్టాయి. అందుకని మేమే అంతకు ముందు, వెనక కొత్త పోర్టులు వచ్చేలా, విడిగా ఒక యూఎస్‌బీ కార్డు బిగించాం. అది చక్కగా పనిచేస్తూ ఉండేది. మరి ఇప్పుడు ముందు పోర్టు ఎందుకు వాడాడు?

"పోయిన వారం కంప్యూటరు నెమ్మదిగా ఉందంటే మీ సార్ వచ్చి ఫార్మాట్ చేసి వెళ్లారండి. అప్పటి నుంచీ వెనకవి పలకడం లేదు."

పెద్దమ్మను బతిమాలి మౌసు అప్పుగా తీసుకున్నాను. తీగ నడుమ భాగం మాత్రం ఆవిడ గుప్పిట్లోనే ఉంది. లోపల చూస్తే ఆ యూఎస్‌బీ కార్డు పేరు పక్కన పసుపు రంగు ఆశ్చర్యార్థకం. డ్రైవరు లేదు. ఫార్మాట్‌లో అదీ కొట్టుకుపోయింది.

"డ్రైవరు లేడండి," అన్నాను పైకే.

"ఎక్కడికి పోయాడు?" అంది పెద్దమ్మ.

"మీ సార్ తీసేశారండి," అన్నాడు యజమాని.

"పాపం, పిల్లలున్నవాడేనా?" అన్నాడు మేనమామ.

డ్రైవరంటే ఏంటో చెప్పాల్సి వచ్చింది. విన్నాక ఇద్దరూ కాస్త నిరుత్సాహపడ్డారు. ఆ స్టూడియోలో ఇంటర్నెట్ లేదు. బస్టాండు దగ్గర నెట్ సెంటరు ఉంది. అక్కడ డ్రైవరు దింపుకుని తేవచ్చు. తేవాలంటే పెన్ డ్రైవులో తేవాలి. పెన్ డ్రైవు గుచ్చాలంటే యూఎస్‌బీ పోర్టు కావాలి. గది తాళంచెవి గదిలోనే పెట్టి తాళం వేసినట్టు ఉంది నా పరిస్థితి. ఆ నెట్ సెంటరులో సీడీ రాసే సౌకర్యం కూడా లేదు.

"ఆ యూఎస్‌బీ కార్డుతో పాటు ఒక సీడీ ఇచ్చాం కదండీ. చిన్న తెల్ల కవరులో?"

యజమాని ముఖం వెలిగింది. "కవరు ఉందండి!" తెచ్చి చూపించాడు. ఖాళీ.

"సీడీ?"

ఆయన మెల్లగా లోపలి గది వైపు చూశాడు. అది ఫొటోలు తీసే గది. పుట్టినరోజు పిల్లల వెనక తళతళలాడాలని, ఇంట్లో ఉన్న సీడీలన్నీ మధ్య బెజ్జంలో దారం దూర్చి తోరణాల్లా పైనుంచి కిందకి వేలాడదీశాడు. ఫ్యాను గాలికి అవి ఒకదానికొకటి రాసుకుంటూ గలగలమంటున్నాయి. రేపల్లెలో ఆ ఏడాది పుట్టినరోజు చేసుకున్న పిల్లలందరి వెనకా మా డ్రైవరు మెరిసే ఉంటుంది.

నలుగురం తలో తోరణం పట్టుకున్నాం. పెద్దమ్మకి ఇంగ్లీషు రాదు. మేనమామ తన కళ్లజోడు బాపట్లలో మరిచాడట. ఆవిడ తన కళ్లజోడుతో అక్షరాల ఆకారం చూసి చెబుతూంటే, ఆయన వాటిని మాటలుగా కూర్చి చదువుతున్నాడు. "ముందు కొడవలి లాంటిది, తర్వాత గుండ్రం..." "జె, ఓ... అది కాదు. తర్వాతది తియ్యండి." ఇద్దరూ నాకు చెప్పకుండా నేరుగా మాట్లాడుకుంటున్నారని వాళ్లకి తెలిసినట్టు లేదు. నేను గుర్తు చేయలేదు.

చివరికి దొరికింది. మెరిసే వైపు నిండా గీతలు. డ్రైవులో పెడితే కుర్రుకుర్రుమని మూలిగి బయటికి నెట్టేసింది. ఇలాంటి దానికి మా వృత్తిలో ఒక నాటు వైద్యం ఉంది. తెల్లటి పళ్ల పేస్టు తెప్పించి, మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి మెల్లగా రుద్ది, కడిగి ఆరబెట్టాను. "సీడీకి పళ్లు తోముతున్నావేంటమ్మా!" అని మేనమామ నవ్వాడు. ఆ నవ్వు చూసి పెద్దమ్మ కూడా నవ్వబోయి, ఏదో గుర్తొచ్చి ఆపుకుంది.

ఈసారి సీడీ తిరిగింది. డ్రైవరు ఎక్కింది. పసుపు గుర్తు పోయింది. రీడరు వెనక పోర్టులో గుచ్చాను. టింగ్ మంది. ఈసారి కంప్యూటరు ఏ ప్రశ్నా అడగలేదు. తెర నిండా చిన్న చిన్న బొమ్మలు వరసగా వచ్చి నిలబడ్డాయి. పందిరి, సన్నాయి మేళం, సిగ్గుపడుతున్న పెళ్లికూతురు. ముందు అన్నింటినీ కంప్యూటర్లోకి కాపీ చేశాను. తర్వాతే ఎదుర్కోలు ఫొటోలు తెరిచాను.

నాలుగైదు దాటాక పెద్దమ్మ ఒక్క కేక పెట్టింది. "అదిగో! ఆపు! బంతిపూల దండ! చూడమను ఆయన్ని!"

నేను ఫొటోను తెర నిండా పెద్దది చేశాను.

పట్టుచీరలో పెద్దమ్మ. చేతుల్లో చిక్కటి బంతిపూల దండ. ముఖంలో గొప్ప గౌరవం. దండ పడుతున్న మనిషి సఫారీ సూటులో, బుంగమీసాలతో, నివ్వెరపోయి నిలబడి ఉన్నాడు. అతను మేనమామ కాదు. అతని పక్కనే అసలు మేనమామ ఉన్నాడు. కళ్లు అరమోడ్చి, రెండు చేతులూ జోడించి, మెడ ముందుకు చాచి, దండ కోసం వంగి ఉన్నాడు.



"ఈయనెవరండీ?" అన్నాడు యజమాని.

"మా బస్సు డ్రైవరు," అన్నాడు మేనమామ నూతిలోంచి మాట్లాడుతున్నట్టు.

పెద్దమ్మ తెరకి దగ్గరగా వెళ్లి చూసింది. "ముందు దిగాడు... సూటు వేసుకున్నాడు... మేనమామంటే ఇలాగే ఉంటాడనుకున్నాను. కొత్త పట్టుచీర మీదకి బాగుండదని ఆ పూట కళ్లజోడు కూడా పెట్టుకోలేదు." ఆవిడ చెయ్యి మెల్లగా మౌసు మీదకి పాకింది. "అమ్మాయ్, ఇందాక అడిగిందే, ఆ ఫార్మాటో ఏదో... అది మళ్లీ అడిగితే బాగుండు."

నేను మేనమామ వైపు చూశాను. ఇప్పుడిక ఉరుముతాడనుకున్నాను. ఆయన ఆవిణ్ణి చూడటం లేదు. తెర మీద తనని తానే చూసుకుంటున్నాడు.

"నేను... అలా మెడ చాచుకుని నిలబడ్డానా?"

జవాబు తెర నిండా కనబడుతూనే ఉంది.

"ఈ ఫొటో ఆల్బంలో పెడితే," అన్నాడు యజమానితో మెల్లగా, "బాపట్లలో నేను బజారుకెళ్లగలనా?" అని, తర్వాత పెద్దమ్మ వైపు తిరిగి, "అమ్మా, అదేదో అడుగుతుందన్నారు కదా... అడిగితే నేనూ సరేనంటాను," అన్నాడు.

పెద్దమ్మ ఆయన్ని చూసింది. ఆయన ఆవిణ్ణి చూశాడు. ముందు ఎవరు నవ్వారో చెప్పలేను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కుర్చీలో కూలబడింది. ఆయన గోడ పట్టుకుని నవ్వాడు. ఆ గోడే ఆయనకి ఆ రోజంతా దిక్కయింది.

"తప్పయిపోయింది అన్నయ్యగారూ," అంది ఆవిడ కళ్లు తుడుచుకుంటూ. "కావాలని చేసింది కాదు."

"ఎందుకు చేస్తారు చెల్లెమ్మా. కావాలని చేసేవాళ్లయితే వాడికంత మర్యాదగా వేస్తారా!"

ఆ ఒక్క ఫొటో తీసేయమని ఇద్దరూ కలిసి నన్ను అడిగారు. ఫొటోలు కాపాడడానికి వచ్చినదాన్ని, తుడవడం నా చేత కాదన్నాను. ఆల్బంలో పెట్టనని యజమాని దేవుడి పటం మీద చెయ్యి వేసి మాటిచ్చాక శాంతించారు. మేనమామ నా ఎదురుగానే బాపట్లకి ఫోను చేసి, "అబ్బాయిని తయారుగా ఉండమను, రేపే అడవులదీవి ప్రయాణం," అని చెప్పాడు. పెళ్లి భోజనం ఎగ్గొట్టిన మనిషిని ఈ పూట పస్తు పంపేది లేదని పెద్దమ్మ ఆయన్ని హోటలుకి లాక్కెళ్లింది. నన్నూ రమ్మంది. తెనాలి బండికి వేళవుతోందన్నాను.

మర్నాడు షాపులో సీనియరుకి జరిగిందంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "ఇంత తిప్పలెందుకు, అంతా ఒకసారి ఫార్మాట్ చేసి ఉంటే..." అని మొదలుపెట్టారు. నేను ఆయన పెసరట్టు మొత్తం తినేశాను.

కొన్ని వారాల తర్వాత ఆ స్టూడియోకే వేరే పని మీద వెళ్లాను. ప్రింటరు ముందు ఒక మనిషి నిలబడి ఉన్నాడు. బుంగమీసాలు చూసి గుర్తుపట్టాను. ఎవరి ద్వారానో సంగతి విని, బాపట్ల నుంచి ఆ ఫొటో కోసమే వచ్చాడట. తన పెళ్లప్పుడు తప్ప మెడలో దండ పడటం ఎరగడట. గోడకి తగిలించుకునేంత పెద్దది, ఫ్రేము కట్టించి ఇమ్మన్నాడు.

యజమాని తెర మీద ఫొటో తెరిచి, మేనమామ బొమ్మ దగ్గర ఆగాడు. "ఈ పక్కాయన్ని కత్తిరించేయమంటారా?"

డ్రైవరు కంగారుపడ్డాడు.

"అయ్యో, ఎందుకండీ? ఉండనివ్వండి. అంత పెద్దాయన నాకు దణ్ణం పెడుతున్నారు కదా!"